తిరిగొచ్చే మనిషికి తలుపు తెరిచి ఉంచండి

"నెల రోజులు ఆసుపత్రిలో ఉంచాం. ఉన్న రెండు గాజులూ తాకట్టు పెట్టాం. ఇంటికొచ్చి పదిహేను రోజులు తిరక్కుండానే మళ్ళీ మొదలు! ఇక వాడి ఖర్మ, మా ఖర్మ."

ఈ మాట మీరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. బహుశా మీ ఇంట్లోనే ఎవరో అని ఉంటారు. తాగుడు మానలేని భర్త గురించి కావచ్చు. తనలో తాను మాట్లాడుకునే కొడుకు గురించి కావచ్చు. కాన్పయిన దగ్గర్నుంచీ దిగులుగా గోడకు చేరగిలబడి కూర్చునే కోడలి గురించి కావచ్చు. జబ్బులు వేరైనా చివర వచ్చే నిట్టూర్పు ఒక్కటే: "ఇంత చేసినా లాభం లేకపోయింది."

లోపం ఎక్కడుంది? మందులోనా, వైద్యుడిలోనా? మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు మనం ఎంతో ఆలోచిస్తాం. ఏ డాక్టరు మంచివాడు, ఎంత ఖర్చవుతుంది అని నలుగురినీ అడుగుతాం. ఆ మనిషి తిరిగి వచ్చాక ఎక్కడ పడుకుంటాడు, పొద్దున లేచి ఏ పనికి వెళతాడు, సాయంత్రం ఎవరితో మాట్లాడతాడు అన్నది మాత్రం ఆలోచించం. చాలాసార్లు జబ్బు తిరగబెట్టేది అక్కడే.

తిరువూరునే తీసుకోండి. ఎన్టీఆర్ జిల్లాకు ఒక కొసన, తెలంగాణ పొలిమేరలో ఉన్న ఊరు. చుట్టూ మామిడి తోటలు, వచ్చే పోయే బస్సులు, ఒకరి సంగతి ఒకరికి తెలిసిన వీధులు. ఇక్కడి నుంచి విజయవాడ పెద్దాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్ళాలంటే మైలవరం మీదుగా సుమారు 75 కిలోమీటర్ల ప్రయాణం. మందుచీటీ అక్కడ రాస్తారు. ఆ మాత్ర వేళకు వేసుకునేలా చూసేది, తాగుడు మానినవాణ్ణి బ్రాందీ షాపు వేళకు పలకరించి పక్కన కూర్చోబెట్టుకునేది తిరువూరులోని ఇల్లు, తిరువూరులోని వీధి. ఏ చిన్న పట్నానికైనా ఇదే లెక్క.

ముందు ఇది జబ్బని ఒప్పుకోండి

మానసిక జబ్బు అనగానే చాలామందికి గాలి సోకడం, చేతబడి గుర్తొస్తాయి. తాగుడు అనగానే పొగరు, బుద్ధి తక్కువ గుర్తొస్తాయి. అందుకే ఒకరిని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళతాం, మరొకరికి చీవాట్లు పెడతాం. నిజానికి ఇద్దరికీ కావలసింది వైద్యమే. మెదడు పనిలో వచ్చే మార్పులు, వంశంలో ఉన్న లక్షణాలు, బతుకులో తగిలిన దెబ్బలు కలిసి ఈ జబ్బులను తెస్తాయి. ఏళ్ళ తరబడి తాగినవాడి మెదడు మత్తుకు అలవాటు పడిపోతుంది. ఆ తర్వాత మానాలని మనసులో ఉన్నా ఒళ్ళు మాననివ్వదు.

ఇవి ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బులు కూడా కావు. 2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నట్టు తేలింది. ఢిల్లీలోని ఎయిమ్స్ నిపుణుల ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన మరో జాతీయ సర్వే తాగుడుకు బానిసలైనవారు, దానివల్ల హాని పొందుతున్నవారు కలిపి దేశంలో సుమారు 5 కోట్ల 70 లక్షల మంది ఉన్నారని లెక్క కట్టింది. తాగుడుకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక వైద్యం అందుతోందని కూడా చెప్పింది. మిగతా 37 మంది ఎక్కడున్నారు? మన ఇళ్ళలోనే ఉన్నారు.

గదిలో పెట్టి తాళం వేయకండి

"నాలుగు రోజులు గదిలో పడేస్తే అదే మానేస్తాడు" అని కొందరు పెద్దవాళ్ళు సలహా ఇస్తారు. ఇది ప్రమాదకరమైన సలహా. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే కొద్ది గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని పురుగులు ఒంటిమీద పాకుతున్నట్టు, ఎవరో కొట్టడానికి వస్తున్నట్టు కనిపిస్తుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. సమయానికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. దయ్యం పట్టిందని అప్పుడు వేపమండలు పట్టుకుంటే విలువైన గంటలు వృథా అవుతాయి. డాక్టరు పర్యవేక్షణలో మానిస్తే వణుకును అదుపు చేసే మందులు, బి1 విటమిను ఇచ్చి ఈ గండం దాటిస్తారు.

మరో పొరపాటు ఉంది. "తెలియకుండా కూరలో కలిపి పెట్టండి, తాగుడు మానేస్తాడు" అంటూ అమ్మే పొడులు, బిళ్ళలు కొని తెచ్చే ఇల్లాళ్ళు ఉన్నారు. అటువంటి వాటిలో ఏముందో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరామ్ అనే అసలు మందు ఒకటుంది. అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, రక్తపోటు పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రోగికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే డాక్టర్లు దాన్ని ఇస్తారు. దొంగతనంగా పెట్టిన మందు ఒంటికి హాని చేస్తుంది, భార్యమీద నమ్మకాన్నీ చంపేస్తుంది.

తాగుడు మాన్పిస్తామనే ప్రైవేటు కేంద్రాలకు పంపేముందు రెండు విషయాలు అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉందా? వారానికొకసారైనా మీరు వెళ్ళి మనిషిని చూడనిస్తారా? కొట్టే చోటు, కట్టేసే చోటు వైద్యశాల కాదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమం అంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని శాసించింది.

మాట కూడా మందే

ఆసుపత్రి గండం దాటి మనిషి ఇంటికి వచ్చాడనుకుందాం. అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది.

లండన్‌లో జార్జి బ్రౌన్ అనే పరిశోధకుడు 1950ల నుంచి ఒకే ప్రశ్న పట్టుకుని పనిచేశాడు. స్కిజోఫ్రీనియా నయమై ఇంటికి వెళ్ళినవాళ్ళలో కొందరు బాగుంటే మరికొందరు వెంటనే తిరిగి ఆసుపత్రికి ఎందుకొస్తున్నారు? ఆయన బృందం ఇళ్ళకు వెళ్ళి, కుటుంబ సభ్యులతో మాట్లాడి గమనించింది. 1972లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, సాధింపులు, ఈసడింపులు, అతిజోక్యం ఎక్కువగా ఉన్న ఇళ్ళకు వెళ్ళినవారిలో 9 నెలల లోపల నూటికి 58 మందికి జబ్బు తిరగబెట్టింది. అవి తక్కువగా ఉన్న ఇళ్ళలో నూటికి 16 మందికి మాత్రమే తిరగబెట్టింది. మందులు మానకుండా వాడటం ఎంత ముఖ్యమో ఇంట్లో మాట తీరు కూడా అంతే ముఖ్యమని వైద్యులు ఆనాటి నుంచి చెబుతున్నారు.

మీ ఇంట్లో ఒకరోజు మాటలను మీరే గమనించుకోండి. "నీవల్లే మా బతుకులు ఇలా తగలడ్డాయి." "ఎదురింటి అబ్బాయిని చూసి నేర్చుకో." "మాత్ర వేసుకున్నావా, మళ్ళీ పిచ్చెక్కుతుందా?" ఇటువంటివి ఎన్నిసార్లు వచ్చాయి? వాటికి బదులు "మాత్ర వేళయింది నాయనా, నీళ్ళు తెమ్మంటావా?" అంటే సరిపోతుంది. అతిజోక్యం కూడా కీడే. ముప్పై ఏళ్ళ కొడుక్కి అన్నం కలిపి పెట్టి, వీధి గుమ్మం దాటనివ్వకపోతే వాడికి తనమీద తనకు నమ్మకం రాదు. కూరలు తెచ్చే పని, మొక్కలకు నీళ్ళు పోసే పని అప్పగించండి. ఆలస్యమైనా అతన్నే చేయనివ్వండి.

అలాగని అన్నీ ఓర్చుకోమని ఇల్లాళ్ళకు చెప్పడం లేదు. తాగి కొట్టినా దెబ్బ దెబ్బే. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం భార్యకు తాను కాపురం ఉంటున్న ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆ హక్కు పోదు. ఆపద వేళ 112కు, సలహా కోసం మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయవచ్చు.

రోగిని చూసుకునేవాళ్ళు కూడా మనుషులే. వాళ్ళు అలసిపోతే మాట కరుకుగా వస్తుంది. మన దేశంలోనే 1950లలో అమృతసర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగుల బంధువులను కూడా అక్కడే ఉంచుకున్నారు. జబ్బేమిటో, మనిషితో ఎలా మెలగాలో వాళ్ళకు నేర్పారు. ఒకరి కష్టం మరొకరు వినడంతో వాళ్ళకూ ఊరట దొరికింది. ఈ పని గుడారాలు లేకుండా మన వీధి అరుగుమీదా జరగవచ్చు. "వదినగారూ, ఈ పూట మీ అబ్బాయి దగ్గర నేను కూర్చుంటాను, మీరు కాస్త గుడికి వెళ్ళిరండి" అనే పొరుగింటావిడ ఉంటే ఆ తల్లికి ఎంత బలం!

తలమీద కప్పు లేకపోతే?

ఇప్పటిదాకా ఇల్లు ఉన్నవాళ్ళ సంగతి చెప్పుకున్నాం. ఇల్లు లేనివాళ్ళ మాటేమిటి? భార్య పుట్టింటికి వెళ్ళిపోయి, అన్నదమ్ములు గుమ్మం ఎక్కనివ్వక, బస్టాండు బల్లమీద పడుకునే మనిషి మాత్రలు ఎక్కడ దాచుకుంటాడు? నిద్ర ఎలా పడుతుంది? నిద్ర చెడితే మానసిక జబ్బు తిరగబెడుతుంది. చలికి, ఒంటరితనానికి తట్టుకోలేక మానిన సీసా మళ్ళీ చేతిలోకి వస్తుంది. అందుకే 1992లో న్యూయార్కులో మొదలైన ఒక పద్ధతి "ముందు బాగుపడు, తర్వాత ఇల్లు" అనే పాత లెక్కను తిరగేసి, ముందు ఇంటి తాళంచెవి ఇచ్చి ఆ తర్వాత వైద్యం అందించింది. ఫిన్లాండు దేశం దాన్ని ప్రభుత్వ విధానంగానే తీసుకుంది.

మన చట్టం కూడా ఈ విషయాన్ని గుర్తించింది. పైన చెప్పిన 2017 నాటి చట్టం 19వ సెక్షను ప్రకారం, మానసిక జబ్బు ఉన్న ప్రతి మనిషికీ నలుగురి మధ్య బతికే హక్కు ఉంది. కుటుంబం లేదనో, కుటుంబం రానివ్వడం లేదనో, ఇల్లు లేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు. కుటుంబం వదిలేసినవారికి సొంత ఇంట్లో ఉండే హక్కు సాధించుకునేందుకు న్యాయ సహాయంతో సహా తగిన సాయం ప్రభుత్వం అందించాలి. కాబట్టి జబ్బు మనిషి చేత సంతకం పెట్టించుకుని ఇంటి వాటా కాజేసే బంధువులు ఒక్కసారి ఈ మాట గుర్తుంచుకోవాలి. రోడ్డుమీద తిరిగే మానసిక రోగి కనిపిస్తే పోలీసులు లాకప్పులో పెట్టకూడదు. 24 గంటల లోపల ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి.

చట్టం ఉన్నా, గది ఇవ్వవలసింది మనలాంటి ఇంటివాళ్ళే. చెన్నైలో 1993లో వందనా గోపికుమార్, వైష్ణవి జయకుమార్ అనే ఇద్దరు యువతులు స్థాపించిన బాన్యన్ సంస్థ రోడ్డున పడిన మానసిక రోగులైన స్త్రీలను చేరదీసింది. నయమైనా తిరిగి వెళ్ళే ఇల్లు లేక ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయినవారి కోసం 2015 నుంచి మామూలు వీధుల్లో మామూలు ఇళ్ళు అద్దెకు తీసుకుంది. కొద్దిమంది కలిసి ఒక ఇంట్లో ఉంటారు. వండుకుంటారు, బజారుకు వెళతారు, ఇరుగుపొరుగుతో మాట్లాడతారు. అవసరమైన సాయానికి ఒక మనిషి ఉంటుంది.

బెల్జియం దేశంలో గీల్ అనే చిన్న ఊరుంది. అక్కడ వందల ఏళ్ళుగా మామూలు కుటుంబాలు మానసిక రోగులను తమ ఇళ్ళలో ఉంచుకుంటున్నాయి. 1938 నాటికి అటువంటివారు దాదాపు 3,800 మంది ఆ ఊళ్ళో ఉండేవారు. వాళ్ళను రోగులని పిలవరు, ఇంట్లో దిగిన అతిథులని పిలుస్తారు.

గది అద్దెకిచ్చే మీకు భయం ఉండటం సహజం. కాని మానసిక జబ్బు ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరికీ హాని చేయరు. ఇతరుల చేతిలో దెబ్బలు తినేవాళ్ళే వారిలో ఎక్కువ. మందు వేళకు వాడుతున్నాడా, ఏదైనా అయితే ఎవరికి చెప్పాలి అన్న రెండు ప్రశ్నలు అడిగి, ఒక బంధువు ఫోను నంబరు రాసి పెట్టుకుని గది ఇవ్వండి. జబ్బు పేరు విని తలుపు వేయకండి.

దూబగుంట నేర్పిన పాఠం

ఊరు తలచుకుంటే ఏమవుతుందో తెలుగువాళ్ళకు వేరే దేశం చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్ళిన ఆడవాళ్ళు రోశమ్మ ముందు నడవగా సారా దుకాణం మూయించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది సడలిపోయింది.

ఆ ఉద్యమం దుకాణం మీద పోరాడింది. తాగే మనిషికి చేయవలసిన వైద్యం అనే రెండో సగం మిగిలిపోయింది. దుకాణాలు మూతపడినా, మళ్ళీ తెరిచినా, బానిసైన మనిషికి తోడు కావాలి. అటువంటి తోడును తాగుడు మానినవాళ్ళే ఇచ్చుకోవచ్చని 1935లో అమెరికాలో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జను కలిసి చూపించారు. వాళ్ళిద్దరూ తాగుబోతులే. ఒకరికొకరు కాపలాగా నిలిచి మానారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. పేరు బయటపెట్టనక్కర్లేదు, ఫీజు లేదు. వారానికోసారి కూర్చుని "ఈ వారం కూడా తాగలేదు" అని చెప్పుకుంటారు. తాగినవాడు తాగానని చెప్పినా గెంటివేయరు. తాగుడు మానినవాళ్ళు మళ్ళీ ఒకసారి జారడం అరుదు కాదు. అది ఓటమి అనుకుని వదిలేయకండి, మర్నాడే మళ్ళీ డాక్టరు దగ్గరికి నడిపించండి.

వీధి ఏం చేయగలదు?

అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో గిరిజన గ్రామాల ఆశా కార్యకర్తలకు ఒక పరిశోధన సంస్థ కొద్దిపాటి శిక్షణ ఇచ్చింది. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి సుమారు 5 వేల మందిని దిగులు, ఆందోళన గురించి ప్రశ్నలు అడిగారు. బాధ ఉన్నట్టు తేలినవారిలో అంతకుముందు వైద్యం కోసం వెళ్ళినవారు నూటికి ఒకరు కూడా లేరు. ఆశా కార్యకర్త చెప్పాక నూటికి 12 మందికి పైగా డాక్టరు దగ్గరికి వెళ్ళారు. తెలిసిన మనిషి వచ్చి అడగడం వల్ల వచ్చిన మార్పు అది. 2017లో ఆ ఫలితాలు ప్రచురించారు.

మీరూ ఈ పనులు చేయవచ్చు:

1. మీ డ్వాక్రా సంఘం సమావేశంలో పొదుపు లెక్కలు అయ్యాక పది నిమిషాలు ఈ జబ్బుల గురించి మాట్లాడుకోండి. ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను పిలవండి.

2. ఇంటికి తిరిగొచ్చిన మనిషిని పేరుపెట్టి, వరసపెట్టి పలకరించండి. "ఏం బాబాయ్, టీ తాగుదామా?" అన్న పలకరింపు చాలు. ఆసుపత్రి సంగతులు తవ్వకండి.

3. మొదటి మూడు నెలలు విజయవాడ ప్రయాణానికి వంతులవారీగా తోడు వెళ్ళండి. బాగుందని మందు సొంతంగా మానకుండా చూడండి.

4. పెళ్ళిళ్ళలో, జాతరల్లో మానినవాడికి గ్లాసు అందించకండి. "ఒక్కటే కదా" అనే స్నేహితుడు స్నేహితుడు కాదు.

5. కొట్టువాళ్ళు, తోటల యజమానులు రోజుకు రెండు మూడు గంటల తేలిక పనితో మొదలుపెట్టించండి. కూలి అందరితో సమానంగా ఇవ్వండి.

6. జబ్బు తీవ్రంగా ఉంటే సదరం ధ్రువపత్రానికి దరఖాస్తు చేయించండి. 2016 నాటి చట్టం ప్రకారం మానసిక జబ్బు కూడా వైకల్యాల్లో ఒకటి.

7. ఇంట్లో పురుగుమందు డబ్బాలకు తాళం వేసి, తాళంచెవి మరొకరి దగ్గర ఉంచండి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం వద్దు

రెండు వారాలకు మించి దిగులు, తిండి మీద ధ్యాస లేకపోవడం, రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం, ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందనడం, కారణం లేని అనుమానం, పొద్దున లేవగానే తాగాలనిపించడం వంటివి కనిపిస్తే డాక్టరుకు చూపించండి. "బతకడం ఎందుకు" అన్న మాట నోట వస్తే తేలిగ్గా తీసుకోకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని మెల్లగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. అడిగితే బరువు దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ప్రయత్నం జరిగిపోతే కేసు అవుతుందని దాచకుండా వెంటనే 108 పిలవండి. అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే 2017 చట్టం భావిస్తుంది.

2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ నంబరు 14416కు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. తాగుడు, గంజాయి వంటి మత్తు అలవాట్లకు 14446 ఉంది. రెండు నంబర్లనూ కాలెండరు మీద రాసి పెట్టుకోండి.

మీ వీధిలో ఈ మధ్య ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఈ వారం వాళ్ళింటికి ఒక్కసారి వెళ్ళిరండి. నాలుగు మామిడి పళ్ళు పట్టుకెళ్ళినా, ఉత్త చేతులతో వెళ్ళినా ఫరవాలేదు. పది నిమిషాలు కూర్చోండి. వచ్చేటప్పుడు "రేపు మా ఇంటికి రండి" అని చెప్పి రండి.